సముద్రపు మేతకు కొలత

పాడి యున్న యింటివారికి మేత లెక్క యెవ్వరును నేర్పనక్కరలేదు. పెరటిలోని గడ్డివామిని ఒకమారు పారజూచి, రానున్న వేసవికి మన పశువులకు ఇది చాలునో చాలదో వారు చెప్పగలరు. కాని ఊరి బీటిలో మేయు మందను గూర్చి అడిగినచో అంత సులభముగ చెప్పజాలరు. బీటిలో గడ్డి పొట్టిగా నున్నంతమాత్రమున అది పండని నేల యనరాదు. ఉదయమున మొలచినది సాయంకాలమునకు మంద నోట పడుచున్నప్పుడు, ఎంత సారవంతమైన బీడైనను బోడిగానే కన్పట్టును. మోకాలెత్తు పెరిగిన గడ్డియు పశువు ముట్టని జాతిదైనచో దానివలన మందకు ప్రయోజనము లేదు. కనుక పండిన గడ్డి వేరు, మిగిలిన గడ్డి వేరు, పశువు నోటికి అందు గడ్డి వేరు.

నేలమీద ఇంత తేటగా తోచు ఈ భేదమును సముద్రము విషయమున గ్రహించుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

నడిసముద్రమున చెట్టు లేదు, చేను లేదు. అయినను తిమింగిలము మొదలు చిరుచేప వరకు అచ్చటి ప్రాణికోటి, భూమిమీది ప్రాణులవలెనే, తుదకు ఉద్భిజ్జములనే ఆశ్రయించి యున్నది. ఆ ఉద్భిజ్జములు కంటికి కానరాని ఏకకణజీవులు. సూర్యరశ్మి చొరగల పైపొరలలో నీటితోబాటు తేలియాడుచు, బొగ్గుపులుసు వాయువును, నత్రజని భాస్వర లవణములను గైకొని, పత్రహరితము సాయమున తమ దేహములను తామే నిర్మించుకొనుచుండును. వీనికి వృక్షప్లవకములని పేరు. గాజువంటి పెంకు గల డయాటములు వీనిలో ప్రసిద్ధములు. వీనిని మేసి బ్రదుకు చిరుజంతువులు జంతుప్లవకములు. రొయ్యలకు దూరపు చుట్టములై, పలుమారు బియ్యపుగింజకన్నను చిన్నవిగా నుండు కోపిపాడులు ఈ మందలో ముఖ్యములు. పెక్కు చేపలకు, చేపపిల్లలకు ఇవియే ఆహారము.

మన తీరమున పల్లెవారు పట్టు కనగుర్త చేపనే తీసికొందము. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్నపు చేపలను గూర్చి వ్రాసి 1803లో ప్రకటించిన గ్రంథమున ఈ తెలుగు పేరునే వాడెను. ఆ పేరే నేటికిని ఆ చేప శాస్త్రీయనామములో నిలిచియున్నది. ఆ కనగుర్త కడుపున బడునవి ముఖ్యముగ ఈ ప్లవకములే. కనుక సముద్రము మనకు ఎంత చేప నీయగలదను ప్రశ్నకు సమాధానము, జంతుప్లవకములకు ఎంత మేత యున్నదను లెక్కతో మొదలగును. మొదటి లెక్క తప్పినచో దానిపై కట్టిన లెక్కలన్నియు తప్పును. లేని చేపకై పడవలు కట్టుకొనుటయో, ఉన్న చేపను వంశము తరుగునట్లు పట్టివేయుటయో దానికి ఫలితము.

ఈ లెక్కను మొట్టమొదట తలకెత్తుకొన్నవాడు విక్టర్ హెన్సెన్. ఈయన జర్మనీదేశమున కీల్ నగరమందు శరీరధర్మశాస్త్రాచార్యుడు. ‘ప్లాంక్టన్’ అను మాటను 1887లో వాడుకలోనికి తెచ్చినవాడు ఈయనయే. తిరుగాడునదని అర్థమిచ్చు గ్రీకు పదమునుండి ఆ మాట పుట్టినది. పిండిమరలలో పిండి జల్లించుటకు వాడు సన్నని పట్టుగుడ్డతో ఆయన గరాటువంటి వల కుట్టించెను. దానిని కొంత లోతునకు దింపి నిలువుగా పైకి లాగినచో, ఎంత నీరు వలలోనుండి పోయినదో లెక్కకట్టవచ్చును. చిక్కిన ప్రాణులను సూక్ష్మదర్శినిక్రింద ఒక్కొక్కటిగ లెక్కింపవచ్చును. అంతట ఒక ఘనమీటరు నీటిలో ఎన్ని ప్రాణులున్నవో తెలియును. రైతు ఎకరమునకు ఎన్ని బస్తాలని చెప్పునట్లు, సముద్రపు పంటను కూడ చెప్పవలెనని ఆయన కోరిక. 1889లో ‘నేషనల్’ అను ఓడపై అట్లాంటిక్ మహాసముద్రమున కొన్ని నెలలు సంచరించి, ఈ విధముగ లెక్కలు తీసెను. ఉష్ణమండలపు సముద్రములకంటె ఉత్తరపు చలిసముద్రములే ప్లవకసమృద్ధములని తేలుట నాటి పండితులకు ఆశ్చర్యము గొలిపినది. ఎండలు మెండుగా నున్నచోట పచ్చదనమును మెండుగా నుండవలెనని గదా అందరును తలంచినది!

మరుసటి సంవత్సరమే యేనా నగరమందలి ఎర్నెస్ట్ హెకెల్ ఈ పద్ధతిని తీవ్రముగ ఖండించెను. ప్లవకములు సముద్రమున సమముగ పరచుకొని యుండవు, గుంపులు గుంపులుగ నుండును, కావున అక్కడక్కడ వల వైచి తీసిన లెక్క వ్యర్థమని ఆయన వాదము. ఆ వాదమున సత్యము లేకపోలేదు. కాని హెన్సెన్ లెక్కలోని అసలు లోపమును హెకెల్ కూడ గుర్తింపలేదు. అది వలలోనే యున్నది. ఎంత సన్నని పట్టుగుడ్డయైనను దాని కన్ను మిల్లీమీటరులో సుమారు ఇరువదవ వంతు. దానికన్న చిన్నవైన జీవులన్నియు నీటితోబాటే జారిపోయెను. వలలో చిక్కనిది లేనట్లే లెక్కయైనది.

ఈ లోపము త్వరలోనే ఒక విచిత్రవాదమునకు దారితీసినది. 1907 మొదలుకొని ఆగస్ట్ ప్యూటర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు జమాఖర్చులు వ్రాసిచూచెను. సముద్రజంతువులు శ్వాసించుటకు ఇంత ఆహారము దహనము కావలెను. నీటిలో నున్న ప్లవకములు చూడగా ఇంతే. జమ స్వల్పము, ఖర్చు అధికము. కనుక ఈ జంతువులు మేత మేసి బ్రదుకుట లేదనియు, నీటిలో కరగియున్న సేంద్రియపదార్థమును దేహముతో పీల్చుకొని బ్రదుకుచున్నవనియు ఆయన తీర్మానించెను. లెక్క కుదరనప్పుడు తక్కెడను పరీక్షింపక, పశువునే మార్చివేసిన తీరున నున్నది ఈ వాదము. అయినను ఇది చాలకాలము సద్దుమణగలేదు. నోబెల్ బహుమానము పొందిన డేనిష్ శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ క్రోగ్ 1931లో అంతవరకు జరిగిన పరీక్షలనన్నింటిని విమర్శించి, కరగిన పదార్థముతో జంతువులు చెప్పుకోదగినంతగ పోషణ పొందుచున్నవనుటకు నిదర్శనము లేదని తేల్చెను.

తక్కెడలోని దోషమును బయటపెట్టినది కీల్ నగరపువాడే యైన హాన్స్ లోమన్. ఆయనకు గురువైనది ఒక చిరుజంతువు. అపెండిక్యులేరియా అను ఈ జంతువునకు చిన్న మొండెము, పొడుగైన తోక. తన దేహమునుండి స్రవించు జిగురుతో తనచుట్టును ఇల్లు కట్టుకొని అందులో నివసించును. ఆ యింటిలో మిక్కిలి సన్నని జల్లెడలు కలవు. లోపల కూర్చుండి తోక నాడించినచో నీరు ఆ జల్లెడలగుండ ప్రవహించును; చిక్కిన ఆహారము నోటికి చేరును. జల్లెడ పూడిపోయినప్పుడు ఆ యింటిని విడిచి మరియొక యిల్లు కట్టుకొనును. లోమన్ ఆ జల్లెడలను సూక్ష్మదర్శినిక్రింద పరిశీలించెను. పట్టువలలో ఎన్నడును కానరాని అతిసూక్ష్మజీవులు వానిలో కుప్పలుగ నుండెను. మానవుడు కుట్టిన వలకన్న ఈ జంతువు అల్లిన వల సన్ననిదని, వలనుండి జారిపోయినదే దీనికి ప్రధానాహారమని అప్పుడు తెలియవచ్చినది.

అంతట లోమన్ వలను పక్కనబెట్టి, కొద్దిపాటి సముద్రజలమును సెంట్రిఫ్యూజ్ యంత్రమున వడిగా త్రిప్పి, అడుగున పేరిన జీవులను లెక్కింప దొడగెను. 1905–06లో కీల్ సమీపమున లాబో వద్ద సంవత్సరముపైగా ఈ పని సాగించెను. వలకు దొరకని జీవుల మొత్తము ఎంత గొప్పదో దీనివలన స్పష్టమాయెను. 1911లో వీనికి నానోప్లాంక్టన్ అని పేరిడెను. గ్రీకుభాషలో నానో యనగా మరుగుజ్జు. ప్యూటర్ వ్రాసిన జమాఖర్చులలో జమ యేల తక్కువ పడినదో చాలవరకు దీనితో తేటపడినది.

ఈ ఘట్టమును కొంచెము విపులముగ చెప్పుటకు కారణము కలదు. మేత ఎంత యని మనము నీటిని అడిగితిమి. లోమన్ తినువానిని అడిగెను. ఇకముందు ఈ శాస్త్రము అడుగు ముందుకు వేసినప్పుడెల్ల ఈ ప్రశ్నయే వేరువేరు రూపములలో దర్శనమిచ్చును.

ఇక రెండవ భేదము: మిగిలిన గడ్డికిని, పండిన గడ్డికిని గల భేదము. నీటిలో నేడు ఎన్ని కణములున్నవో లెక్కించుట యొకటి, రోజుకు ఎన్ని పుట్టుచున్నవో తెలిసికొనుట యొకటి. నార్వేదేశమున గ్రాన్, గార్డర్ అను ఇరువురు 1916లో దీనికొక ఉపాయము చేసిరి. దాని ఫలితములు 1927లో వెలువడినవి. ఒకే నీటిని రెండు సీసాలలో నింపి, ఒకదానిని వెలుతురు తగులునట్లును, రెండవదానిని వెలుతురు సోకకుండ నల్లని తొడుగు వేసియు సముద్రమున వ్రేలాడదీయుదురు. వెలుతురు సీసాలో ఉద్భిజ్జములు ప్రాణవాయువును పుట్టించును. చీకటి సీసాలో శ్వాసవలన అది తరుగును. రెంటికిని గల వ్యత్యాసమే ఆ నీటి ఉత్పత్తికి కొలత. ఇంగ్లండులో ప్లిమత్ పరిశోధనాలయమందలి ఆట్కిన్స్ ఇదే ప్రశ్నకు మరియొక త్రోవ త్రొక్కెను. శీతకాలమున నీటిలో నున్న ఫాస్ఫేటు వేసవికి ఎంత తగ్గినదో చూచినచో, అంత లవణమును ఏ మేరకు పైరు వాడుకొన్నదో తెలియునని ఆయన 1923 ప్రాంతమున చూపెను. ఒకే లవణము చచ్చినవాని దేహమునుండి విడివడి మరల మరల వినియోగపడును గనుక, ఇది కనీసపు లెక్క మాత్రమే.

ఆ ప్లిమత్‌నందే 1934లో హెచ్. డబ్ల్యు. హార్వే పత్రహరితముతో కొలుచు పద్ధతిని సుగమము చేసెను. ఆకులు నూరి పసరు తీసినట్లుగ, పట్టిన ప్లవకములను ఎసిటోనులో నానవేసి రంగును దింపును. ఆ రంగును పొటాసియం క్రోమేటు, నికెలు సల్ఫేటు కలిపి సిద్ధపరచిన పచ్చని ద్రావకముతో పోల్చును. కణములను ఒక్కొక్కటిగ లెక్కించు శ్రమ తప్పినది. మరుసటి సంవత్సరము హార్వే, కూపర్, లెబూర్, రస్సెల్ అనువారు కలసి ప్లిమత్ సముద్రపు ఏడాది పంటను గూర్చి ప్రకటించిన వ్యాసము ఈ చరిత్రలో ఒక మైలురాయి. వసంతమున డయాటములు ఒక్కుమ్మడిగ పెరిగి, అంతలోనే తరిగిపోవుట అందరెరిగినదే. లవణములు తీరిపోవుటయే దానికి కారణమని అంతవరకు నమ్మిరి. లవణముల కొరత యొక్కటే కాదు, పెరిగిన జంతుప్లవకముల మేత కూడ ప్రబల కారణమని వీరు చూపిరి. మంద వచ్చి పడినది, పచ్చిక పొట్టియైనది, అంతే. నీటిలో పత్రహరితము తక్కువగ కన్పించిన దినమున జంతువులు ఆకలితో నున్నవని చెప్పుటకు ఇక వీలులేకపోయెను. కడుపునిండ తినుటవలననే అది తక్కువైయుండవచ్చును.

దీనిని గణితమున బిగించినవాడు అమెరికాదేశపు గార్డన్ రైలీ. చేపలకు పేరుగాంచిన జార్జెస్ బాంక్ అను మిట్టసముద్రమును గూర్చి 1946లో ఆయన వ్రాసిన సమీకరణము చూచుటకు మిక్కిలి సులభము. వృక్షప్లవకముల రాశిలో కలుగు మార్పు, కిరణజన్య సంయోగక్రియవలన వచ్చిన రాబడినుండి, శ్వాసవలని ఖర్చును, మేతవలని ఖర్చును తీసివేయగా మిగులునది. ఇంటి ఖాతాపుస్తకమునకు మించినదేమియు ఇందులో లేదు. వెలుతురు, ఉష్ణము, లవణములు, నీటి కలయిక, జంతువుల సంఖ్య ఈ ఖాతాలో చేర్చి, ఏడాది పొడుగున పచ్చదనము ఎట్లు పెరిగి తరుగునో ఆయన గణించెను. ఓడపై తీసిన కొలతలకు అది చాలవరకు సరిపోయెను. 1947లో జంతుప్లవకములకును ఇట్టి ఖాతాయే వ్రాసెను. నేడు కంప్యూటర్లపై నడుచు సముద్రజీవగణితమునకు మూలము అచ్చటనే కలదు.

కాని ఖాతా చక్కగ వ్రాసినంతమాత్రమున అంకెలు నిజమైనవి కావు. 1944లో రైలీయే ప్రపంచసముద్రములన్నింటి సాలుసరి ఉత్పత్తిని 12,600 కోట్ల టన్నుల కర్బనముగ అంచనా కట్టి, ఇటునటు 8,200 కోట్ల టన్నుల తేడా ఉండవచ్చునని చెప్పెను. 1950–52 నడుమ డెన్మార్కు నౌక ‘గలతియా’ భూమిని చుట్టివచ్చుచుండగా, దానిపై స్టీమన్ నీల్సన్ ఒక క్రొత్త పద్ధతిని ప్రయోగించెను. రేడియోధార్మిక కర్బనమును కొలతప్రకారము సీసాలోని సముద్రజలమున కలిపి, కొన్ని గంటలు వెలుతురున ఉంచి, వడగట్టి, ఉద్భిజ్జములు ఎంత కర్బనమును గ్రహించినవో గైగరు యంత్రముతో లెక్కించును. ఈ పద్ధతిన తేలిన సాలుసరి ఉత్పత్తి 2,000 కోట్ల టన్నులకు మించలేదు. రైలీ అంకెకు ఇది ఆరవ వంతు! ఏండ్ల తరబడి ఇరుపక్షములకును వివాదము నడచినది. ప్రాణవాయువు పద్ధతిలో దీర్ఘకాలము సీసాలో బంధించిన నీటిలో సూక్ష్మజీవులు విపరీతముగ పెరుగుట యొక లోపము. కర్బనపద్ధతిలో సీసాలకును పనిముట్లకును అంటియున్న లోహపు జాడలు సున్నితమైన ఉద్భిజ్జములకు విషమగుట యొక లోపమని 1982 ప్రాంతమున తేలినది. 1998లో ఉపగ్రహముల కొలతల ఆధారమున ఒక పరిశోధకబృందము కట్టిన లెక్క 4,850 కోట్ల టన్నులు. అనగా సముద్రము ఏటేట పండించునది, నేలపై అడవులును పంటపొలములును కలసి పండించుదానికి ఇంచుమించు సాటియైనది.

ఈ అంకెల తగవు పండితులకే పరిమితము కాదు. 1969లో జాన్ రైథర్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి ఉత్పత్తి లెక్కనుండియే ప్రపంచసముద్రములలో ఏటా పెరుగు చేపలు 24 కోట్ల టన్నులని గణించెను. ఇతర ప్రాణులకును, వచ్చు తరములకును విడువవలసిన భాగము పోగా, మానవుడు ఏటా పట్టుకొనదగినది 10 కోట్ల టన్నులకు అంతగా మించదని హెచ్చరించెను. సముద్రము అక్షయపాత్ర యని తలంచుచున్న ఆ దినములలో ఈ మాట పెక్కుమందికి రుచించలేదు. 1990 తరువాతి దశాబ్దములలో సముద్రమున పట్టిన చేప ఏటా 8 కోట్ల టన్నుల దరిదాపులనే నిలిచిపోయినది. రైథర్ గ్రహించిన ముఖ్యవిషయము మరియొకటి కలదు. నడిసముద్రమున ఉద్భిజ్జములు అతిసూక్ష్మములు గనుక, వానిని చిన్నజీవి తిని, దానిని మరియొకటి తిని, ఇట్లు ఐదు మెట్లు ఎక్కినగాని మనకు పనికివచ్చు చేప కాదు. మెట్టుమెట్టునకు ఆహారమున అధికభాగము శ్వాసకు ఖర్చైపోవును. అడుగునీరు పైకి ఉబుకు తీరములందో, ఉద్భిజ్జములు పెద్దవి. ఒకటి రెండు మెట్లలోనే చేప. పండిన పంట తూకము ఒకటే యైనను, గింజ పరిమాణమునుబట్టి ఫలితము మారును.

ఇక మూడవ భేదము: పశువు నోటికి అందు మేత. స్కాట్లండులో మిల్‌పోర్ట్ వద్ద షైనా మార్షల్, ఎ. పి. ఆర్ అను ఇరువురు కలానస్ అను ఒక్క కోపిపాడునే పట్టుకొని దశాబ్దముల తరబడి పరిశోధించి, 1955లో దానిపై ఒక గ్రంథమునే ప్రకటించిరి. రేడియోధార్మిక భాస్వరముతో గుర్తుపెట్టిన డయాటములను దానికి తినిపించి, తిన్నదానిలో దేహమున నిలిచినదెంత, గ్రుడ్లకు చేరినదెంత, విసర్జింపబడినదెంత యని వారు కొలిచిరి. 1972లో అమెరికాలో బ్రూస్ ఫ్రాస్ట్ మరియొక సంగతి తేల్చెను. నీటిలో మేత పెరిగినకొలది కోపిపాడు తినునది కొంతవరకే పెరుగును. ఆపై ఎంత యున్నను అంతకుమించి తినదు. మేతకణము పెద్దదైనచో తక్కువ సాంద్రతయందే దానికి కడుపు నిండును. 1980 ప్రాంతమున అతివేగముగ తీసిన చలనచిత్రములు పాత నమ్మకమును మరియొకదానిని తొలగించినవి. కోపిపాడు నీటిని జల్లెడ పట్టినట్లు వడగట్టి కనబడినదెల్ల మ్రింగునని అనుకొనిరి. కాని అంత చిన్నప్రాణికి నీరు తేనెవలె చిక్కన. అది తన అవయవములను తెడ్లవలె ఆడించి, కణమును దగ్గరకు రప్పించి పట్టుకొనును, నచ్చనిదానిని విడిచిపెట్టును. అనగా పశువునకు రుచి కూడ కలదు. పత్రహరితము లెక్క ఈ రుచిని ఎరుగదు.

అంతియే కాదు, పత్రహరితము సైతము నమ్మకమైన తూనికరాయి కాదు. మసకవెలుతురున పెరుగు కణము ఉన్న కొద్ది వెలుతురును పట్టుకొనుటకై పత్రహరితమును అధికముగ చేర్చుకొనును. తీవ్రమైన ఎండలో, లవణములు కొరవడినచోట, తగ్గించుకొనును. ఒక గ్రాము పత్రహరితమునకు ఒకచోట 20 గ్రాముల కర్బనము, మరియొకచోట 100 గ్రాములకు పైగా నుండవచ్చును. ఆకు పచ్చగా నున్నంతనే పైరు బరువు తెలియదనుట రైతునకు క్రొత్త కాదు.

మన దేశమున ఈ విద్యకు తొలిదినములనుండియు తెలుగుతీరముతో సంబంధము కలదు. 1952–53లో ఇ. సి. లాఫాండ్ అను అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగ వచ్చెను. వేసవికి ముందు నైరుతిగాలులు తీరము వెంబడి వీచునప్పుడు, వాల్తేరుచెంత పైనీరు తొలగి, లవణములు గల చల్లని అడుగునీరు పైకి వచ్చుటను ఆయనయు, ఆయనతోటివారును పరిశీలించిరి. జంతుశాస్త్రాచార్యుడైన పి. ఎన్. గణపతి, డి. వి. సుబ్బారావుతో కలసి లాసన్స్ బే ప్లవకముల పరిమాణమును కొలిచి, 1958లో ఆ ఫలితములను ప్రకటించెను. తరువాత 1965 వరకు సాగిన అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధనయాత్రలో, మన కృష్ణానది పేరును ధరించిన నౌకాదళపు ఓడ ‘కిస్త్‌నా’ కూడ పాల్గొన్నది. ఆ యాత్రలో వేరువేరు దేశముల ఓడలు ఒకే కొలత గల వలలతో 200 మీటర్ల లోతునుండి జంతుప్లవకములను పట్టి, వింగడించుటకై కొచ్చిన్‌కు పంపినవి. మేయువానిని గూర్చి హిందూమహాసముద్రమున ఇంత విస్తారముగ సమాచారము సేకరించుట అదియే ప్రథమము.

అరేబియా సముద్రమున భారతశాస్త్రజ్ఞులకు ఎదురైన చిక్కుముడి ఈ కథకంతకును పరాకాష్ఠ. ఋతుపవనముల కాలమున అచ్చట పచ్చదనము మెండు. నడిమి నెలలలో నీరు నిర్మలమై, పత్రహరితము మిక్కిలి తగ్గిపోవును. కావున జంతుప్లవకములును తగ్గిపోవలెను. కాని 1990 తరువాతి పరిశోధనలలో, పైపొరలోని జంతుప్లవకముల రాశి ఋతువుతో అంతగా మారుటలేదని తేలినది. దీనినే అరేబియా సముద్రపు విరోధాభాసమని 1996లో మధుప్రతాప్ మొదలగువారు చర్చించిరి. మేత లేని బీటిలో మంద ఎట్లు బ్రదుకుచున్నది?

సమాధానమునకు ఆధారము అంతకు ముందే సిద్ధమై యుండెను. 1974లో లారెన్స్ పామరాయ్, 1983లో ఫరూఖ్ ఆజమ్, ఆయన తోటివారును, సముద్రపు మేతలో బాక్టీరియాల పాత్రను ఎత్తిచూపిరి. ఉద్భిజ్జములనుండి స్రవించిన కరగిన పదార్థమును బాక్టీరియాలు గ్రహించును. బాక్టీరియాలను ఏకకణపు చిరుజంతువులు తినును. వానిని కోపిపాడులు తినును. ప్యూటర్ చెప్పిన కరగిన ఆహారము ఈ దొడ్డిదారిన మరల కథలోనికి వచ్చినది. కాని దానిని త్రాగునది ఆయన తలంచిన జంతువు కాదు. 1979లో సినెకొకోకస్, 1988లో ప్రోక్లోరోకోకస్ అను అత్యల్పజీవులు కనుగొనబడినవి. ఇవి మిల్లీమీటరులో సుమారు వేయవ వంతు, లేక అంతకన్న చిన్నవి. వెచ్చని నడిసముద్రపు పైరులో వీనిది పెద్దపాలు. పత్రహరితము లెక్కలో ఇవియు చేరును. కాని కోపిపాడు వీనిని నేరుగా పట్టజాలదు. ఏకకణపు చిరుజంతువు వీనిని తిని లావెక్కినప్పుడే అవి దానికి మేత యగును. సముద్రమున పండిన పచ్చదనములో సగమునకు మించినది ఇట్టి చిరుజంతువుల వాతనే పడుచున్నదని అటుపిమ్మటి కొలతలు చెప్పుచున్నవి. అరేబియా సముద్రమున పచ్చదనము తగ్గిన నెలలలో జంతుప్లవకములను నిలుపుచున్నది ఈ సూక్ష్మమైన దొడ్డిదారియేనని పలువురి నిర్ణయము. లోమన్ వలనుండి జారినదానిని పట్టెను. ఆయన యంత్రమునకు చిక్కనిది మరి డెబ్బది ఏండ్లు దాగియుండెను.

నేడు ఈ కొలత ఆకాశమునకు ఎక్కినది. 1978లో అమెరికా పంపిన నింబస్-7 ఉపగ్రహము మొదటిసారిగ సముద్రపు రంగునుబట్టి పత్రహరితమును కొలిచెను. 1999 మే నెలలో మన ఓషన్‌శాట్, 2009లో రెండవది, 2022 నవంబరులో మూడవది పైకెగసినవి. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రము ఈ రంగును, నీటి ఉష్ణమును పరిశీలించి, చేపలు చేరదగిన ప్రదేశములను గూర్చి పల్లెకారులకు సూచనలు పంపుచున్నది. ఇది అమూల్యమైన సేవ. అయినను ఆకాశమునుండి కనబడునది పైపొర మాత్రమే. బంగాళాఖాతమున గోదావరి, కృష్ణ, గంగ మొదలగు నదుల మంచినీరు పైన తేలి మూతవలె నుండుటచే, అడుగు లవణములు పైకి రాజాలవు. అచ్చట దట్టమైన పచ్చదనము పలుమారు కొన్ని పదుల మీటర్ల దిగువ నుండును. వానకాలమున మేఘములు ఉపగ్రహపు చూపునే మూసివేయును. ఉపగ్రహము చూచునది గడ్డిరంగు. కనగుర్త వెదకునది గడ్డి మేసి బలిసిన మంద.

హెన్సెన్ పట్టువలనుండి నేటి ఉపగ్రహము వరకు పనిముట్లు ఎన్నో మారినవి. ఒక్కొక్కటియు తాను చూడగలిగినంతనే చూపి, చూడలేనిదానిని లేదనిపించినది. లోపము దిద్దుకొన్న ప్రతిసారియు దారి చూపినది తినువాని నోరే: అపెండిక్యులేరియా జల్లెడ, ప్లిమత్ సముద్రపు మంద, కలానస్ కడుపు, అరేబియా సముద్రమున తగ్గని జంతుప్లవకములు. కనుక ఇంత పత్రహరితమున్నది, ఇంత చేప దొరకునని యెవరైన చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు వేయుట మేలు. ఇది మిగిలినదా, పండినదా? ఆ పండినది ఎంత గింజ? దానిని తినగల నోరు అచ్చట నున్నదా? ఈ మూడింటికిని సమాధానము దొరకినప్పుడే అది మేత లెక్క యగును. ఆ లెక్కపైననే రేపు మన తీరమున ఎన్ని పడవలు నిండి తిరిగివచ్చునో, ఎన్ని వలలు ఖాళీగ తేలునో ఆధారపడియున్నది.